ఫీనాల్ చెప్పినా వినలేదు

డిగ్రీ ఫిజికల్ కెమిస్ట్రీ ల్యాబులో నేను వెలగబెట్టిన తెలివితక్కువ పని ఒకటుంది. దానికి మంచి మార్కులే పడ్డాయి, అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు.

ఫీనాల్, నీళ్ల ప్రయోగం కెమిస్ట్రీ చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మామూలు వేడిమిలో ఆ రెండూ పూర్తిగా కలవవు. అడుగున ఫీనాల్ పొర, పైన నీటి పొర. బాయిలింగ్ ట్యూబును వేడినీళ్ల బీకరులో దించి కలియబెడుతూ ఉంటే, తెల్లగా కలకబారినదల్లా ఉన్నట్టుండి తేటపడుతుంది. ఆ ఉష్ణోగ్రత రాసుకోవాలి. బయటికి తీస్తే చల్లారుతూ మళ్లీ తెల్లబారుతుంది. అదీ రాసుకోవాలి. రెండింటి సగటు గ్రాఫు మీద ఒక చుక్క. కాసిన్ని నీళ్లు పోయడం, మళ్లీ అదే తంతు. చుక్కలన్నీ కలిపితే గోపురంలా వంపు వస్తుంది. దాని కొస సుమారు 66 డిగ్రీల సెల్సియస్ దగ్గర, బరువులో మూడోవంతు ఫీనాల్ ఉన్నచోట. ఆ వేడి దాటితే ఏ పాళ్లలో పోసినా కలిసిపోతాయి.

నాకు ప్రతి చుక్కా రెండు డిగ్రీల దాకా పైకే వచ్చింది. మళ్లీ చేస్తే మళ్లీ అంతే. చేతి పొరపాటైతే ఒకసారి అటు, ఒకసారి ఇటు పోతుంది గానీ ఇలా పట్టుబట్టి ఒకేవైపు పోదు. ఆ మాత్రం ఆలోచన రాలేదు. సీనియర్ రికార్డు తెచ్చుకుని ముందు వంపు గీసి, చుక్కలు తర్వాత పెట్టాను. అనుమానం రాకుండా ఒకటి రెండు చుక్కలు గీతకు ఎడంగా కూడా పెట్టాను. ఆ విద్య మాత్రం చక్కగా అబ్బింది.

ఆరోజు డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది. వాష్ బాటిల్లో కుళాయి నీళ్లు పట్టింది నేనే. ఆ ఊరి బోరు నీళ్లలో పప్పు ఉడకదు, టీలో కూడా ఉప్పదనం తగులుతుంది. ఉప్పు చేరిన నీళ్లలో ఫీనాల్‌కు చోటు తగ్గుతుంది. కలవాలంటే ఇంకా వేడి కావాలి. నూటికి ఒక పాలు ఉప్పుంటే ఆ కొస దాదాపు 12 డిగ్రీలు పైకి జరుగుతుంది. సబ్బు కలిపితే మాత్రం కిందికి దిగుతుంది.

ఇదేమీ నాకు తెలియని సంగతి కాదు. రికార్డులో తర్వాతి ప్రయోగమే, కొస ఎంత పెరిగిందో చూసి ఇచ్చిన నీళ్లలో ఉప్పెంతో లెక్కగట్టడం! అంటే ఒక వారం బోరు నీళ్లను పరీక్షించి, వచ్చిన జవాబును రబ్బరుతో చెరిపేశాను. పైవారం లెక్చరర్ కలిపిచ్చిన ఉప్పును మహా శ్రద్ధగా కొలిచాను. వైవాలో మలినాల ప్రభావం అడిగితే గడగడా అప్పజెప్పాను కూడా. రెండింటికీ లంకె తట్టింది ఎన్నో ఏళ్ల తర్వాత, ఇంటి నీళ్ల పరీక్ష రిపోర్టు చేతికొచ్చినప్పుడు.

రికార్డులు రాస్తున్న పిల్లలూ, రీడింగులన్నీ ఒకేవైపు తప్పుతుంటే రబ్బరు తీయకండి. ముందు వాష్ బాటిల్లో నీళ్లు ఎక్కడివో అడగండి.