సిగ్నల్ ఉన్నా పుష్ చేయనివాడు

పదింటి స్టాండప్ మీటింగులో మనవాడి వంతు వచ్చేదాకా హుకుంపేటలో సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంటుంది. "నీ పని ఎంతవరకూ వచ్చింది?" అని లీడ్ అడగ్గానే పోతుంది. మనవాడి మొహం, నోరు సగం తెరిచిన భంగిమలో, తెర మీద బిగుసుకుపోతుంది. మాట వేరేవాళ్ళ మీదికి మళ్ళాక మళ్ళీ ప్రత్యక్షమై, "అయిపోయినట్టే అన్నా, అంతా నా దగ్గరే ఉంది" అంటాడు.

ఇలాంటివాడు ప్రతి సాఫ్ట్‌వేర్ టీములోనూ ఒకడుంటాడు. మాకు దొరికినవాడు 2020 లాక్‌డౌన్‌లో విశాఖలో మా ఆఫీసున్న రుషికొండ దిగి, పాడేరు ఘాటు ఎక్కి సొంతూరు హుకుంపేట చేరాడు. మళ్ళీ దిగలేదు. దిగమని గట్టిగా అడగడానికి మాకూ నోరు రాలేదు. పాడేరు నుంచి అరకు పోయే దారిలో ఊరు. 2022లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు విశాఖ జిల్లాలోంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది. కిటికీలోంచి చూస్తే సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, నీడన కాఫీ మొక్కలు. వీడియో కాల్లో ఆ కిటికీ మాకందరికీ కనబడుతుంది. కోడే ఎవరికీ కనబడదు.

ఈ రంగంతో సంబంధం లేనివారికి రెండు ముక్కలు చెప్పాలి. పదిమంది ఒకే ప్రోగ్రాం మీద పనిచేస్తుంటే ఎవరు ఏ లైను ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో రాసిపెట్టే చిట్టా కావాలి. మా చిట్టా పేరు గిట్. మార్పును కారణంతో సహా నమోదు చేయడం కమిట్. దాన్ని మిగతావాళ్ళకి అందేలా సర్వర్‌కి పంపడం పుష్. మనవాడు మొదటిది అరకొరగా చేస్తాడు, రెండోది పండక్కీ పబ్బానికీ చేస్తాడు.

అడిగితే సిగ్నల్ మీద పెడతాడు. వానాకాలంలో కాదనలేం. కరెంటు పోతుంది, దాని వెనకే టవరూ పోతుంది. కానీ గిట్ అనేదే దూరంగా, ఎవరికి వాళ్ళుగా పనిచేసేవాళ్ళ కోసం పుట్టింది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయైన కెర్నల్‌కి చిట్టాగా వాడుతున్న బిట్‌కీపర్‌ని ఇక ఉచితంగా ఇవ్వబోమని దాని యజమానులు చెప్పేసరికి, 2005 ఏప్రిల్‌లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ని తనే రాసుకున్నాడు. దేశదేశాల్లో ఉన్న ప్రోగ్రామర్లలో ప్రతి ఒక్కరి దగ్గరా మొత్తం చరిత్ర ఉండేలా కట్టాడు. నెట్ లేకుండానే రోజంతా కమిట్లు చేసుకోవచ్చు. సాయంత్రం మేడెక్కి ఒక్క నిమిషం సిగ్నల్ పట్టుకుంటే అన్నీ వెళ్ళిపోతాయి. వెళ్ళేది కొత్తగా చేరినంత మేరకే, అదీ కుదించి. మామూలుగా ఒక రోజు రాసిన కోడు కొన్ని కిలోబైట్లకి మించదు. ఆ కిలోబైట్లు ఎక్కని కొండ మీంచే, వలిసె పూల తోటలో తిరుగుతూ తీసిన వీడియో వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కుతుంది. పూల మీద మంచు బొట్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

ఒకసారి మొహం బిగుసుకుపోయింది గానీ మైకు ఆపడం మరిచిపోయాడు. వెనక నుంచి వాళ్ళమ్మ గొంతు: "నెట్టు నేదంతావేట్రా? ఇందాకల నీ ఫోన్లోనే కదా సీరియల్ సూసినాను!"

ఇతని పూర్వీకులూ నాకు తెలుసు. మేం గిట్‌కి ముందు వాడిన చిట్టా, మైక్రోసాఫ్ట్ విజువల్ సోర్స్‌సేఫ్ రోజుల్లో ఒకరు ఫైలు మార్చడానికి తీసుకుంటే, అంటే చెకౌట్ చేస్తే, మామూలుగా దానికి తాళం పడేది. మిగతావాళ్ళు చదువుకోవచ్చు, మార్చడానికి లేదు. ముఖ్యమైన ఫైళ్ళన్నీ చెకౌట్ చేసుకుని భోగి ముందు రాత్రి బస్సెక్కే మహానుభావులుండేవారు. వాళ్ళు గారెలు తింటుంటే మేం ఆఫీసులో గోళ్ళు గిల్లుకునేవాళ్ళం. గిట్ వచ్చి ఆ తాళం తీసేసింది. అయినా చైత్రంలో తమ కొండల్లో చేసుకునే ఇటుకల పండగకి మనవాడు ఊరందరితోపాటు మాయమయ్యాడు. పండగ న్యాయమే. మర్నాడు రిలీజుందని తెలిసీ, బిల్లింగ్ కోడంతా లాప్‌టాప్‌లో పెట్టి మూత వేసి పోవడం ఏ పంచాయితీలోనూ న్యాయం కాదు.

పుష్ చేసిన రోజు ఇంకా భయం. నెల రోజుల పని ఒకేసారి వచ్చి పడుతుంది. కమిట్లకి రాసే కారణాలు: "మార్పులు", "మరిన్ని మార్పులు", "ఇది చివరిది", "ఇదే చివరిది, ఒట్టు". నాలుగు వేల లైన్లు చూసి ఒప్పుకోమని ఎవరో ఒకరికి పంపి, వెంటనే ఫోన్ చేస్తాడు: "గురూ, అప్రూవ్ కొట్టేయ్. కాఫీ పొడి పంపిస్తాను." 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న అరకు కాఫీ అది. దాని ముందు నిలబడ్డ రివ్యూయర్ మా టీములో ఇంతవరకూ లేడు.

ఒకే లైనును ఇద్దరు రెండు రకాలుగా మారిస్తే గిట్ తీర్పు చెప్పదు. ఇద్దరి రాతలూ కిందా మీదా పెట్టి, మధ్యలో గీతలు గీసి ఊరుకుంటుంది, గట్టు తగాదాలో రాళ్ళు పాతి వెళ్ళిపోయిన సర్వేయరులా. మనవాడు ప్రతిసారీ పక్కవాడి రాయి పీకేసి దున్నేస్తాడు. అలా ఒకసారి, సర్వర్ మీదున్నదాన్ని తోసేసి తనది ఎక్కించే ఫోర్స్ పుష్ కొట్టి, ఇద్దరి వారం పని సర్వర్ మీద లేకుండా చేశాడు. వాళ్ళ కాపీలు వాళ్ళ దగ్గరుండబట్టి మళ్ళీ ఎక్కించుకున్నారు. "చూశారా, గిట్‌లో ఏదీ పోదు" అని వాళ్ళకి ధైర్యం చెప్పింది మనవాడే.

అన్నిటికంటే నాకు నచ్చేది బ్లేమ్ దగ్గర అతని తెలివి. ఏ లైను చివరిసారి ఎవరు ముట్టుకున్నారో చూపే ఆదేశం అది. ఒక రాత్రి మనవాడు ప్రాజెక్టులో ప్రతి లైనులోనూ ఖాళీలు సరిచేసి పుష్ చేశాడు. అర్ధరాత్రి అతని సిగ్నల్ ఎప్పుడూ బాగానే ఉంటుంది. తెల్లారి చూస్తే ఏ లైను పక్కన చూసినా అతని పేరే. అప్రైజల్లో ఆ పేరు చూపించి శభాష్ అనిపించుకున్నాడు. తర్వాత బిల్లింగ్ కూలి, లీడ్ అదే పేరు చూపించి నిలదీస్తే, "అన్నా, ఖాళీలు మాత్రమే నావి" అన్నాడు.

ఇంకోసారి డేటాబేస్ పాస్‌వర్డ్ ఫైలుతో సహా పుష్ చేసి, మర్నాడు తీసేశానని నిశ్చింతగా ఉండిపోయాడు. తీసేసిన సంగతిని కూడా గిట్ రాసుకుంటుంది. పాత కమిట్ తెరిస్తే పాస్‌వర్డ్ భద్రంగా ఉంది. అది అతని పుట్టినరోజు.

బద్ధకస్తుడు కాదు. అందరూ చేతులెత్తేసిన తప్పును రాత్రికి రాత్రి పట్టుకోగలడు. సగం ఉడికిన కోడు నలుగురూ చూస్తే పరువు పోతుందని భయం, అంతే. నాకు తెలిసి ఇందులో సిగ్నల్ వాటా తక్కువ, సిగ్గు వాటా ఎక్కువ. లినక్స్ కెర్నల్‌కి పంపే మార్పుల్నే లోకమంతా చూస్తుండగా తప్పులుపట్టి వెనక్కి పంపుతుంటారని చెబితే, "వాళ్ళు మా లీడ్‌ని చూడలేదు" అన్నాడు.

మీ టీములోనూ ఇలాంటివాడుంటే కోప్పడకండి. చిట్టాలోనే విడి పాయలా సొంత బ్రాంచి ఒకటి ఇచ్చి, పని సగంలో ఉన్నా సరే, రోజూ సాయంత్రం అందులోకి పుష్ చేయించండి. కాఫీ పొడి ఇస్తే తీసుకోండి, బాగుంటుంది. అందరూ వాడే మెయిన్ బ్రాంచిలోకి నేరుగా పుష్ చేసే హక్కు మాత్రం ఇవ్వకండి.