బార్కర్ కట్ట ఆత్మకథ

తన గురించి చెప్పుకునేటప్పుడు కూడా అది ‘ఈ కట్ట’ అనే అంటుంది. పేరు బార్కర్. అమెరికాలోని హ్యూస్టన్‌కు పడమటి వైపు, దాదాపు 22 కిలోమీటర్ల మట్టికట్ట. 1929లోనూ 1935లోనూ బఫెలో బయూ అనే వాగు పొంగి ఊరి నడిబొడ్డును ముంచెత్తింది. ఆ దెబ్బకు సైన్యపు ఇంజనీర్లు రెండు కట్టలు తలపెట్టారు. ఈ కట్ట 1945లో లేచింది. దీని తోబుట్టువు ఆడిక్స్ 1948లో పూర్తయింది.

మన చెరువుల్లో ఉన్నట్టు వీటి వెనక ఏడాది పొడవునా నీళ్లుండవు. భారీ వాన కురిస్తే తూములు మూసి వరదను ఆపాలి, వాన వెలిశాక మెల్లగా వదలాలి. ఇదే వీటి పని. మిగతా రోజుల్లో వెనకాల ఉన్న వేల ఎకరాలు పొడినేలే. అక్కడ ఇళ్లు కట్టకూడదు. కంచె వేసి వదిలేస్తే ఎవరికీ పట్టని బీడు. హ్యారిస్ కౌంటీ ఆ నేలను సైన్యం దగ్గర కౌలుకు తీసుకుని, 7,800 ఎకరాల్లో జార్జ్ బుష్ పార్కు చేసింది.

కట్టకు దిగువన ఉన్నది టెర్రీ హెర్షీ పార్కు. ఆ పార్కుకు పేరిచ్చిన ఆవిడను ఈ కట్ట మరిచిపోదు. 1960ల్లో బయూ వంకరలు తీసేసి కాలువలా మార్చాలన్న పథకం వస్తే ఇరుగుపొరుగును కూడగట్టి ఎదురు నిలిచారు. అప్పటి కాంగ్రెస్ సభ్యుడు జార్జ్ బుష్, తర్వాత అధ్యక్షుడైన ఆయనే, ఆమెకు అండగా నిలిచారు. పథకం ఆగింది. ఇవాళ కట్టకు ఎగువన ఆయన పేరు, దిగువన ఆమె పేరు.

కట్ట మీద చెట్టు మొలవనివ్వరు. వేరు కుళ్లితే ఆ బొక్కలోంచి నీరు ఊరుతుంది. అందుకే పైన గడ్డే. నడిచేవాళ్లకు చుట్టూ ఎంత దూరమైనా కనిపిస్తుంది. కేటీ ఊరి వైపు కాలనీల్లో తెలుగువాళ్లు చాలామంది. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు కట్ట ఎక్కగానే అవతల చెరువుందేమోనని తొంగిచూస్తారు. కనిపించేది గడ్డి, పొదలు, కొంగలు.

2017 ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చినప్పుడు అక్కడే కనుచూపుమేర నీరు. ఎర్రచీమలు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపులుగా తేలాయి. నీటిమట్టం మునుపెన్నడూ లేనంతగా, సముద్రమట్టం నుంచి లెక్కిస్తే 101 అడుగులు దాటింది. నీరు ప్రభుత్వ భూమి హద్దు దాటి ఎగువ ఇళ్లలోకి చేరింది. తూములెత్తాక దిగువన కూడా ఇళ్లు మునిగాయి.

వరద దిగాక బాటల మీద సన్నటి ఒండ్రు పేరుకుని, ఎండకు పెచ్చులుగా లేచింది. పారలతో ఎత్తిపోశారు, మళ్లీ సైకిళ్లు తిరిగాయి. ఇళ్లు మునిగినవాళ్లకు అంత తేలిగ్గా తెరిపి దొరకలేదు. ఆ తేడా చూసిన ఈ కట్టకు ఒకటే పట్టుదల: నీరు రాగల మేరంతా బాటలే ఉండాలి, ఇళ్లు కాదు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. బయూల వెంట పార్కులు వేయమని ఆర్థర్ కోమీ అనే ప్రణాళికాకారుడు 1913 నాటి నివేదికలోనే చెప్పాడు. దాదాపు వందేళ్లకు, 2012లో, హ్యూస్టన్ ఓటర్లు ఆ పనికి 10 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు. లక్ష్యం 150 మైళ్ల పచ్చని బాటలు.

ఈ కట్టకు ఇంకొక కోరిక ఉంది. బాట మొదలయ్యే ప్రతిచోటా ఒక స్తంభం పాతి, 2017లో నీరు ఎంతవరకు వచ్చిందో గీత గీయాలి. దగ్గర్లో ఇల్లు కొనేవాళ్లు ముందు అక్కడికి వచ్చి, ఆ గీత పక్కన నిలబడి చూసుకుంటారు.