మిద్దె ఎవరిది?

మా రోజుల్లో మిద్దెను విడిగా అమ్మేవాళ్లు లేరు. ఇల్లు అమ్ముకున్నవాళ్లు ఉన్నారు, చేను అమ్ముకున్నవాళ్లు అంతకన్నా ఎక్కువ. కరువొచ్చిన ఏడు ఎద్దులను సంతకు తోలి ఒట్టి పలుపులు చేతబట్టుకుని ఇంటికొచ్చినవాళ్లను కళ్లారా చూసినాను. కింది ఇల్లు ఒకరికిచ్చి, పైన ఆరుబయలుకు రేటు కట్టి ఇంకొకరికి అమ్మడం మాత్రం మా ఊరు కోయిలకుంట్లలో ఏనాడూ వినలేదు. ఇప్పుడు హైదరాబాదులో అదే పెద్ద బేరం.

మా తమ్ముని కొడుకు సోమాజిగూడ పక్కన ఒక పెంట్‌హౌస్ అమ్మకానికి ఉందని, కొనేముందు నన్నొకసారి చూడమని తీసుకుపోయినాడు. కాగితంలో 7,000 చదరపు అడుగులని రాసినారు. అందులో 2,500 పైన కప్పు లేని ఖాళీ జాగానే. ఆ అంతస్తుకు మాత్రమే పోయే లిఫ్టు, దానికొక కార్డు. పైన ఈత కొట్టడానికి చిన్న నీళ్లతొట్టి, చుట్టూ అద్దాల గోడలు. చూపించేవాడు ముందుగా మమ్మల్ని అద్దం దగ్గర నిలబెట్టి, ఇటు ఎర్రమంజిల్, అటు హుస్సేన్‌సాగర్ అని వేలు పెట్టి చూపించినాడు. ధరలో సగం ఆ చూపుదేనని వాని మాటల్లోనే తెలిసింది.

హుస్సేన్‌సాగర్ ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో తవ్విన చెరువు. ఊరికి నీళ్ల కోసం తవ్వినారు, పై అంతస్తులోవాళ్లు చూసి సంతోషపడేదానికి కాదు. ఎర్రమంజిల్ నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన మేడ. దాన్ని పడగొట్టి అక్కడ కొత్త అసెంబ్లీ కట్టాలని 2019లో ప్రభుత్వం తీర్మానం చేస్తే, జనం కోర్టుకు పోయినారు. ఆ ఏడు సెప్టెంబరులో హైకోర్టు ఆ తీర్మానాన్ని కొట్టేసింది. ఆ మేడ నిలబడిందంటే కోర్టు మెట్లెక్కిన మామూలు మనుషుల పుణ్యం. వాళ్లు కాపాడింది ఇప్పుడు అద్దంలోంచి కనబడుతుందని ఇంకెవరో రేటు పెంచుకుంటున్నారు. ఇది నాకు మింగుడు పడలేదు.

చరిత్ర ఉన్నచోట ధర పలకాలంటే మా కోయిలకుంట్లలో గజం ఎంత ఉండాలి? 1846 జులైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి జనాన్ని కూడగట్టుకుని వచ్చి కుంఫిణీవాళ్ల ఖజానా మీద పడింది మా ఊళ్లోనే. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరి తీసిందీ ఇక్కడే. ఆయన తలను 1877 దాకా, అంటే ముప్పై ఏండ్లు, కోటలో వేలాడదీసి ఉంచినారు. ఆ దారిన బడికి పోయే పిల్లోళ్లకు అది తాతలు చెప్పిన మాట. దాన్ని చూపించి ఇంటికి రేటు పెంచినవాడిని నేను చూడలేదు.

ఇక మిద్దె సంగతి. మా పక్క ఇండ్లు నాపరాళ్లతో, మట్టితో లేపినవి. భూమి లోపలి రాళ్లను చదివేవాళ్లు ఇక్కడి సున్నపురాతి పొరకు కోయిలకుంట్ల పేరే పెట్టుకున్నారు. రాయికి మాకు కొదవ లేదు. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలో బండలో పరిచి, పైన మందంగా మట్టి, ఆ మట్టి మీద చౌడు. చౌడు తడిస్తే మెత్తగా సాగి సందులన్నీ మూసుకుంటుంది, నీళ్లను కిందికి దిగనీయదు. ఏటా తొలకరికి ముందు ఎద్దులబండ్లతో చౌడు తోలించి, మిద్దె మీద పరిచి, తొక్కి, వాటం చూసి దోనె వైపు వాలు పెట్టేవాళ్లం. ఆ పనికి ఇంటిల్లిపాదీ పైకెక్కేది. ఎక్కడ పల్లం పడింది, ఎక్కడ ఎలుక బొక్క చేసింది, నిరుడు ఏ మూల ఉరిసింది అనేది ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. మబ్బు పట్టిందంటే, వెలుతురు కోసం మిద్దెలో వదిలిన గవాచి మీద బండ మూసే పని పిల్లోళ్లదే.

కష్టం లేదని చెప్పను. ముసురు పట్టినప్పుడు రాత్రంతా గిన్నెలు, తపేలాలు మంచాల నడుమ పెట్టుకుని కూర్చున్నాం. దూలానికి చెద పట్టి ఇల్లు కూలి మనుషులు పోయిన సంగతులూ ఉన్నాయి. ఊళ్లో అందరికీ మిద్దె ఉండిందీ లేదు. ఊరి చివర కొట్టాల్లో బోద కప్పు కింద బతికినవాళ్లు ఎందరో. వాళ్లను మిద్దెలెక్కి పండుకోమని ఎవరూ పిలవలేదు. కక్షల కాలంలో మిద్దెల మీద రాళ్లు పోగేసి కాపు కాసిన రాత్రులు కూడా మాకు తెలుసు. అవేవీ తిరిగి రావద్దు.

అయినా ఆ మిద్దె కింద ఉన్నవాళ్లందరిదీ. అన్నదమ్ములు వేరుపడి నడుమ గోడ పెట్టుకున్నా పైన గోడ పెట్టుకోలేదు. ఈ ఇంటి మిద్దె మీద నుంచి ఆ ఇంటి మిద్దె మీదికి అడుగు వేస్తే వీధి కొసదాకా పోవచ్చు. ఎండాకాలంలో మిరపకాయలు, వడియాలు, కొర్రలు, చింతపండు అన్నీ అక్కడే ఎండేవి. ఎవరివి ఎవరు కాపలా కాసినా ఒకటే. పొద్దుగూకినాక నీళ్లు చల్లి, ఈతచాపలు పరిచి, ముసలోళ్లు ఒక పక్క, ఆడోళ్లు ఒక పక్క, పిల్లోళ్లు నడుమ. కుందూ ఏటి వైపు నుంచి గాలి తిరిగితే అప్పుడు నిద్ర. నంద్యాల పక్క 45 డిగ్రీలు దాటే ఎండల్లో ఆ గాలి ఎంత విలువైందో అనుభవించినవాళ్లకు తెలుసు. దానికి కార్డు లేదు, నిచ్చెన ఉంటే చాలు.

ఆ హైదరాబాదు ఇంట్లో పైకప్పు ఉత్త సిమెంటు స్లాబు. మా మిద్దె మందంలో సగం కూడా ఉండదు. పొద్దంతా ఎండ తాగి రాత్రంతా సెగ కక్కుతుంది. అందుకని గదికొక ఏసీ. ఆ ఏసీలు వదిలే వేడి పోయేది చుట్టుపక్కల ఇండ్ల మీదికే. ఈ వేడికి కోట్లు పోయడం ఎందుకని అడిగితే మావాడు, “పెద్దనాయనా, పైన ఇంకెవరూ ఉండరు, మనమే” అన్నాడు. నాకు బాధ కలిగించింది ఆ మాటే. కింద అంతస్తుల్లో ఇన్ని కుటుంబాలున్నాయి. వాళ్ల పిల్లలు గాలిపటం ఎక్కడ ఎగరేయాలి? సంకురాత్రికి హైదరాబాదులో పిల్లోళ్లంతా ఎక్కేది మిద్దెలే కదా. లిఫ్టు దగ్గర కనిపించిన ఒక పెద్దమ్మను కదిలిస్తే, పైకి పోయే తలుపుకు తాళమని, ఊరగాయ ముక్కలు కిటికీలో ఆరబెట్టుకుంటున్నానని చెప్పింది. కాపలాదారు కుటుంబమైతే సెల్లారులో కార్ల నడుమ గదిలో ఉంది. వాళ్లకు ఆకాశం కనబడాలంటే గేటు దాటి రోడ్డు మీదికి రావాల.

ఇది చాదస్తం అనుకునేవాళ్లు చట్టం చదువుకోండి. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ఉమ్మడి స్థలాల లెక్కలో టెర్రస్‌లను పేరుపెట్టి చేర్చింది. ఆ ఉమ్మడి స్థలాలను ఫ్లాటులవాళ్ల సంఘానికి అప్పగించాలని కూడా అదే చట్టం చెప్పింది. ఒక ఇంటికి ఆనుకుని ఆ ఇంటివాళ్లే వాడుకునే ఆరుబయలు ఉండొచ్చు, చట్టం దాన్ని కాదనలేదు. కానీ దాన్ని కార్పెట్ ఏరియాలో కలిపి లెక్కగట్టకూడదు. మావానికి చూపించిన కాగితంలో అంతా కలిపి ఒకే అంకె ఉంది. ప్లానులో ఏది ఎంత అని అడిగితే చూపించేవాడు ఫోను చూసుకున్నాడు.

ఇంకొకటి. అనుమతి కొన్ని అంతస్తులకు తీసుకుని పైన ఇంకొకటి లేపడం ఆ నగరానికి కొత్త కాదు. 2007లో ఒకసారి, 2015లో ఇంకోసారి జరిమానాలు కట్టించుకుని అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసే పథకాలను ప్రభుత్వాలే తెచ్చినాయి. తప్పు చేసినవాడు డబ్బు కడితే సక్రమం అవుతాడు, మిద్దె పోగొట్టుకున్న కింది కుటుంబాలకు మాత్రం ఎవరూ ఏమీ కట్టరు. ఇది అన్యాయం. మా ఊళ్లో ఒకరి దోనె నీళ్లు ఇంకొకరి గోడ మీద పడితే నలుగురు కూర్చుని మాట్లాడేవాళ్లు. కొన్ని పంచాయితీలు తెగేవి కాదు, అయినా మాట్లాడేవాళ్లు.

ఆ నగరంలో డబ్బున్నవాళ్లంతా ఇట్లాగే కట్టినారని కాదు. బంజారాహిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ ఇల్లు కట్టుకున్నప్పుడు అక్కడి గుండ్లను పగలగొట్టకుండా వాటి నడుమే కట్టినాడని చెబుతారు. తర్వాత 1960లో గుజరాత్‌కు తొలి గవర్నరుగా పోయినాయన ఆయనే. డబ్బుండి, హోదా ఉండి కూడా ఉన్నదాన్ని ఉంచి కట్టుకోవచ్చు. ఆ కొండల మీద ఇప్పుడు మందుగుండు పెట్టి పేల్చిన గుండ్లకు లెక్క లేదు. రాయి మధ్య పుట్టిన మాకు ఆ చప్పుడు వింటే కడుపులో తిప్పుతుంది. మా పక్క కూడా రాయి తీస్తాం, అమ్ముతాం, అది మా బతుకు. కానీ తీసిన రాయిని ఇంటికి నేలగానో, గోడగానో, చేనికి కంచెగానో నిలబెడతాం.

మావాడు ఇంకా మనసు తేల్చుకోలేదు. వాడు సంపాదించింది కష్టపడే సంపాదించినాడు, మంచి ఇల్లు కొనుక్కోవద్దని నేను అనను. పైఅంతస్తే కొననీ. మిద్దె మాత్రం అందరికీ తెరిచి ఉన్నచోట కొనమన్నాను.

మీ పిల్లలు కూడా పట్నంలో ఫ్లాటు చూస్తుంటారు. పోయినప్పుడు ఈత తొట్టి, అద్దం గోడ తర్వాత చూడండి. ముందు మంజూరైన ప్లాను తెప్పించి అంతస్తులు లెక్కపెట్టండి. టెర్రస్ ఎవరి పేర ఉందో అడగండి. మిద్దె తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు ఇయ్యండి.