ఇంట్లో చదివే పిల్లలకి వ్యాసం: ఎనిమిది తలకిందుల సలహాలు

బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే తల్లిదండ్రులు లెక్కలకీ సైన్సుకీ ఏదో ఒక దారి చూసుకుంటారు. వ్యాసం దగ్గరికి వచ్చేసరికి తునిలోనైనా రాజమండ్రిలోనైనా అందరూ చేసేది ఒకటే. గైడు కొని, ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అని మూడు ముక్కలు బట్టీ పట్టిస్తారు. పదిహేనేళ్ల పిల్లకి సొంతంగా ఆలోచించడం వచ్చే వయసులో ఇది చాలా అన్యాయం. కింది సలహాలు వినగానే పెడసరంగా అనిపిస్తాయి. అయినా మొండిగా పాటించండి.

1. గైడు అటకెక్కించండి

నమూనా వ్యాసాలు ఆరు నెలలపాటు కంటపడనివ్వకండి. పర్యావరణ పరిరక్షణ, వార్తాపత్రికల ప్రయోజనాలు లాంటి విషయాలూ వద్దు. పర్యావరణాన్ని కాపాడకూడదని ఎవరంటారు? ఎవరూ కాదనని దాన్ని రుజువు చెయ్యాల్సిన పనే లేదు, ఇక రాయడానికి ఏముంటుంది? ఇంట్లో ఒక్కరైనా "నేనొప్పుకోను" అనే ప్రశ్న ఇవ్వండి. తుని పిల్లలకైతే ఈ ప్రశ్న ఇస్తాను: తుని, పాయకరావుపేట ఒకే జిల్లాలో ఉండాలా? మధ్యలో తాండవ నది, దాని మీద వంతెన. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు తుని కాకినాడ జిల్లాకి, పాయకరావుపేట అనకాపల్లి జిల్లాకి వెళ్లాయి. అంతకుముందు కూడా ఒకటి తూర్పు గోదావరి, రెండోది విశాఖపట్నం. దీని మీద అవుననడానికీ కాదనడానికీ గట్టి కారణాలే ఉన్నాయి.

2. ముందు ఎదుటివాళ్ల పక్షాన రాయించండి

మీ అమ్మాయి ఒకే జిల్లా కావాలంటుందా? అయితే మొదటి వ్యాసం వద్దనేవాళ్ల తరఫున రాయాలి, అదీ వాళ్లు చదివి "సరిగ్గా మా మాటే చెప్పావమ్మా" అనేలా. కొత్త జిల్లాలకి లోక్‌సభ నియోజకవర్గాలను ఆధారం చేసుకున్నారని, తుని కాకినాడ స్థానంలో, పాయకరావుపేట అనకాపల్లి స్థానంలో ఉన్నాయని అప్పుడు తనే తెలుసుకుంటుంది. ఆ తర్వాతే సొంత వ్యాసం.

3. వాదించే మనిషిని ఇంట్లో పెట్టండి

ఇంటి చదువులో నిజమైన లోటు పుస్తకాలది కాదు, ఎదురు చెప్పేవాళ్లది. తెలుగు వ్యాసం వాదంలోనే పదునెక్కింది. స్త్రీ విద్య వద్దని కొక్కొండ వెంకటరత్నం పంతులు 'ఆంధ్రభాషా సంజీవని' పత్రికలో రాస్తే, కందుకూరి వీరేశలింగం ఆయనతో తలపడ్డారు. 1874లో 'వివేకవర్ధని' పత్రిక పెట్టి వాదం సాగించారు. మీ ఇంట్లో ఆ ప్రత్యర్థి తాతయ్య కావచ్చు, పిన్ని కావచ్చు. వారానికి ఒక సాయంత్రం వ్యాసం పైకి చదివించండి. వినేవాళ్లు మెచ్చుకోకూడదు, అడ్డుపడాలి.

4. పుస్తకం కంటే ముందు వీధికి పంపండి

మొదటి ఆధారం పిల్ల కాళ్లతో నడిచి తెచ్చుకోవాలి. వంతెన దాటి అవతల ఒడ్డున అడగమనండి: రైలెక్కడానికి ఎక్కడికి వెళతారు, సంతకి ఎక్కడికి, కలెక్టరు ఆఫీసు పని పడితే ఎక్కడికి? తమలపాకు రైతునీ, మామిడికాయల వ్యాపారినీ, ఆటో నడిపే అన్ననీ అడగమనండి. ప్రతి మాట పక్కనా ఎవరన్నారు, ఎప్పుడన్నారు, తను చూసిందా విన్నదా అని రాసుకోవాలి. పై చదువుల్లో ఆధారాలు చూపించడమనే పద్ధతంతా ఈ అలవాటు మీదే నిలబడుతుంది. గెజిట్లు, జనాభా లెక్కలు, పత్రికలు ఆ తర్వాత తెరవండి. అప్పటికి వాటిలో ఏం వెతకాలో పిల్లకి తెలిసి ఉంటుంది.

5. ఉపోద్ఘాతం చివర్లో రాయించండి

ఇల్లు కట్టకుండా గుమ్మానికి తోరణం కట్టలేం. తను ఏం తేల్చబోతోందో తెలియని పిల్లని ముందుమాట రాయమంటే "నేటి ఆధునిక యుగంలో" అని మొదలుపెట్టక ఏం చేస్తుంది? మధ్యలోంచి, అన్నిటికంటే గట్టి కారణంతో మొదలుపెట్టించండి. పేరాలన్నీ కుదిరాక పైన నాలుగు వాక్యాలు రాస్తే చాలు.

6. ఎర్ర పెన్ను దాచెయ్యండి

మొదటి రెండు చిత్తుప్రతుల్లో ఒత్తులూ దీర్ఘాలూ దిద్దకండి. తప్పులు దిద్దితే పిల్ల తనకి స్పెల్లింగు వచ్చిన మాటలే వాడుతుంది, ఆలోచన అక్కడితో కురచైపోతుంది. ప్రతి వాక్యానికీ ఒకటే అడగండి: "నీకెలా తెలుసు?" జవాబు దొరికితే వాక్యం ఉంటుంది, దొరక్కపోతే పోతుంది. అక్షరదోషాల పని చివరి ప్రతిలో, ఒక్క పూటలో.

7. సామెతలూ సూక్తులూ నిషేధించండి, ఇంటి తెలుగు రాయించండి

పెద్దల మాటలతో పేరా నింపడం వల్ల పిల్ల సొంత కారణం వెతుక్కోదు. ఏ తెలుగులో రాయాలన్న భయం కూడా తీసెయ్యండి. వందేళ్ల కిందట స్కూలు ఫైనలు విద్యార్థులు వ్యాసం గ్రాంథికంలో రాయాలా, వ్యావహారికంలో రాయాలా అన్నదాని మీదే పెద్ద పోరు జరిగింది. గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాష కోసం నిలబడ్డారు. గురజాడ అప్పారావు అదే పక్షాన మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం ఇచ్చింది 1914లో. వాళ్లు గెలిచి ఇచ్చిన స్వేచ్ఛని మన పిల్లలు వాడుకోవాలి.

8. మార్కులు వెయ్యకండి, పరీక్ష మూస ఆఖర్న నేర్పండి

మార్కులు వెయ్యడానికి పరీక్ష ఎలాగూ ఉంటుంది. ఎన్‌ఐఓఎస్‌ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ)లో పదో తరగతికి 14 ఏళ్లు నిండిన పిల్లలు చేరవచ్చు, రాసి పంపే అసైన్‌మెంట్లకి 20 శాతం విలువ ఉంటుంది. పరీక్షకి రెండు నెలల ముందు పాత ప్రశ్నపత్రాలు తెచ్చి, గడియారం ముందు పెట్టి రాయించండి. వాదించడం వచ్చిన పిల్లకి మూస నేర్చుకోవడం రెండు వారాల పని. మూస మాత్రమే వచ్చిన పిల్లకి వాదన నేర్పడానికి ఏళ్లు పడతాయి.

ఇదంతా బడి లేకుండా కుదురుతుందా అని భయపడేవాళ్లు బండారు అచ్చమాంబని గుర్తు చేసుకోవాలి. 1874లో పుట్టిన ఆవిడ బడికి వెళ్లలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ఆడవాళ్లు అబలలు, తెలివి లేనివాళ్లు అన్నవాళ్లకి స్త్రీల జీవితచరిత్రలే సాక్ష్యంగా చూపించి జవాబు చెప్పారు. ఆ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి భాగం 1901లో వచ్చింది. కాదనేవాళ్ల మాట తెలుసుకోవడం, ఆధారాలు పోగెయ్యడం, తన మాటగా చెప్పడం: పైన చెప్పినవన్నీ అందులో ఉన్నాయి.

మీ పిల్లకి వ్యాసం వచ్చిందో లేదో తేల్చుకోవడానికి ఒకటే పరీక్ష. వంతెన అవతల విన్న మాటల వల్ల తన మొదటి అభిప్రాయం తప్పని తోస్తే, దాన్ని తనే కొట్టేసి, ఎందుకు కొట్టేసిందో ఒక పేజీలో రాయగలగాలి. రాసిన రోజున మీరు నేర్పడం ఆపెయ్యండి. చదివి, ఒప్పుకోని చోట ఎదురు చెప్పండి.