మైక్రోగ్రాము మడి

పెరటిలో నిమ్మచెట్టును, ముంగిట రెండు మెట్లును, నెత్తిన రేకుల కప్పును గల కొయ్యయిల్లొకటి ఆక్లండు నగరపు దక్షిణభాగమున పాపటోయిటోయిలో కొని, మూడేండ్లు అందు సకుటుంబముగా కాపురముండి, పిమ్మట వేరొక యింటికి మారి, పాతదానిని అద్దెకిచ్చిన నాడు, మా వంశమున ఎవ్వరికిని దక్కని ఇంటియజమాని బిరుదము నాకు దక్కినదని లోలోపల మీసము దువ్వుకొంటిని. మీసము లేదన్న మాట వేరు. చిన్నతనమున కాకినాడలో మేమద్దెకున్న యింటి యజమానిగారు ప్రతినెల ఒకటవ తేదీని వరండాలో నిలువబడి, మేమెచ్చటనైన గోడకు మేకు కొట్టితిమేమో యని కన్నులతోనే ఇల్లంతయు తడిమెడివారు. ఆ చూపు నాకెన్నడబ్బునా యని ముప్పదియేండ్లు ఎదురుచూచితిని.

నాకు దొరికిన అద్దెదారుడు బస్సు నడుపు ఉద్యోగము విరమించిన వృద్ధుడు, ఏకాకి, మితభాషి. అద్దె ప్రతి గురువారము తప్పక పడెడిది. చట్టప్రకారము 48 గంటల ముందు వర్తమానమంపి, బీమావారి నియమము చొప్పున మూడుమాసములకొకసారి నేను పోయి ఆ కాకినాడ చూపును ప్రయోగించుచుంటిని. రెండేండ్లలో ఆయన చేసిన ఫిర్యాదు ఒక్కటే: వెనుకగది గోడ చలికాలమున చెమ్మగిల్లుచున్నదని. కిటికీలు తెరచియుంచుడని హితవు చెప్పితిని. దగ్గుచు మరల చెప్పెను; మరల తెరువుమంటిని. జూలైమాసపు ఆక్లండు వానలో కిటికీ తెరచి కూర్చుండుట యెట్లుండునో నేననుభవించి చెప్పిన మాట కాదు. మేమున్న కాలమున ఆ గోడకు బీరువా అడ్డముండెను గనుక, చెమ్మయున్నదో లేదో బీరువాకే తెలియవలెను.

2017 డిసెంబరులో ఆయన ఇల్లు ఖాళీచేసి కుమార్తె యొద్దకు పోయెను. ఆ వారముననే తెలుగువారి విందొకదానిలో, ఇచ్చట ఐదిండ్లకు అధిపతియైన మా బావగారు (వరుసకు బావ, ఆ వరుస యెట్లు కలిసినదో మా ఇద్దరికిని తెలియదు) పులిహోర పళ్ళెము ప్రక్కకు జరిపి, "బావగారూ, ఇంటికి పి టెస్టు చేయించారా?" అని నా చెవిలో అడిగెను.

ఈ దేశమున మెథాంఫెటమీను అను మాదకద్రవ్యమునకు జనులు పెట్టుకొన్న ఏకాక్షరనామము 'పి'. ఆ యక్షరమునకు దీర్ఘమిచ్చి పలికినచో మన భాషలో ఏమగునో చదువరులకు విన్నవింప నక్కరలేదు. భోజనమువేళ ఆ ప్రసక్తి తేరాదని మా ఆవిడ మొదటిదినముననే శాసించినది. జలుబుమాత్రలలోని సూడోఎఫిడ్రిను నుండి దానిని దొంగచాటుగ వండుచున్నారని, ప్రభుత్వమువారు 2011లో ఆ మాత్రలను మందులదుకాణపు బల్లమీదినుండి తీసివేసి, దేశమందలి ముక్కులన్నింటిని యథేచ్ఛగా కారనిచ్చిరి. వండినను, వండినదానిని పొగగా పీల్చినను, అది గోడలకును, తివాచీలకును, పరదాలకును అంటుకొనునని బావగారు బోధించి, "అంటిందంటే మరి ఇల్లు పోయినట్టే!" అని పులిహోర పళ్ళెమును మరల దగ్గరకు లాగుకొనెను.

అంటు అనగానే నాకు మా నాయనమ్మ జ్ఞప్తికి వచ్చెను. ఆరవేసిన మడిచీర కొస నా చొక్కాకు తగిలెనా లేదా యని నిర్ణయించుటకు ఆమెకు ఏ పరికరమును అక్కరలేకుండెను, తగిలినదనిన తగిలినదే. అయితే ఆమె శాస్త్రమునందొక దయ యుండెను. నూతియొద్ద రెండు చేదల నీళ్ళు కుమ్మరించుకొన్నచో మైల పోయెడిది. నేను ప్రవేశింపనున్న మడికి చేదలు చాలవని అప్పటికి తెలియదు.

తెల్లని దుస్తులు ధరించిన యువకుడొకడు వచ్చి, ప్రతిగదిలోను గోడపై పది సెంటీమీటర్ల చదరమొకటి కొలిచి, తడిగుడ్డతో భక్తిశ్రద్ధలతో తుడిచి, ఆ గుడ్డలను సీసాలలో భద్రపరచుకొని పోయెను. ఫలితము మైక్రోగ్రాములలో వచ్చును. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. మనము చిటికెడు చొప్పున కూరలో వేయు ఉప్పులో ఒక్క రవ్వయే సుమారు 60 మైక్రోగ్రాములు తూగును. 2017 జూనులో వెలువడిన జాతీయప్రమాణము ననుసరించి నూరు చదరపు సెంటీమీటర్లలో 1.5 మైక్రోగ్రాములు మించినచో ఇల్లు మైలపడినట్లు. అనగా ఉప్పురవ్వను నలుబది పాళ్ళు చేసి, అందొక పాలు! అంతకుపూర్వము 2010నాటి ఆరోగ్యశాఖవారి సంఖ్య 0.5 మాత్రమే. దొంగవంట జరిగిన ఇంటిని కడిగిన తరువాత శుద్ధియైనదా లేదా యని చూచుకొనుటకు వ్రాసిన ఆ సంఖ్యను, ఎవడో ఒక దమ్ము పీల్చిపోయిన ఇండ్లకును చుట్టబెట్టిరి.

వారము తిరుగకుండ ప్రయోగశాలనుండి పత్రము వచ్చెను. తక్కిన గదులన్నియు పవిత్రములు; వెనుకగదిలోని గోడ అలమారలో మాత్రము 1.7.

మా ఆవిడ ఆ కాగితము రెండుమారులు చదివి, "ఏమండీ, ఆ అలమారులోనే కదండీ మూడేళ్ళు మన దేవుళ్ళని పెట్టాం?" అనెను.

నాయొద్ద సమాధానము లేదు. మూడేండ్లు ఆ అలమార యెదుట హారతి వెలిగించి, కన్నులకద్దుకొని, ఊపిరినిండ పీల్చినవారము మేమే. మొదట అద్దెదారుని, పిదప మాకు ఆ యిల్లమ్మిన పెద్దమనిషిని, అటుపిమ్మట ఆరునెలలు మా యింటనుండి రాత్రులు తెల్లవార్లు మేలుకొని చదివిన మా మేనల్లుని క్రమముగా అనుమానించితిని. ఈ చివరి యనుమానమును పైకి అన్నందుకు మా అక్క నేటివరకు నా ఫోను ఎత్తుటలేదు. ఆ ప్రయోగశాలవారు ఇంగువను గూడ కొలిచియుండినచో, ఆ యింటిని నేలమట్టము చేయుట తప్ప గత్యంతరముండెడిది కాదు. అదృష్టవశమున ఇంగువకు జాతీయప్రమాణము లేదు.

బీమావారు ఈ మైల ఏ తేదీని అంటినదని అడిగిరి. తెలియదంటిని. అయినచో తమకును తెలియదనిరి.

2018 మార్చిలో 11,000 డాలర్లు వెచ్చించి శుద్ధి చేయించితిని. తివాచీ పోయెను, పరదాలు పోయెను, వెనుకగది గోడపలకలను ఊడబెరికిరి. పలక తొలగగానే దాని వెనుక ఆ చివరినుండి ఈ చివరివరకు, కంబళి పరచినట్లు నల్లని బూజు! చలిని ఆపుటకు గోడలోపల కూరవలసిన దూదిపొర అచ్చట లేనేలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకొని, దీనినిగూడ కడుగుమని ఆ తెల్లదుస్తుల యువకుని అడుగగా, అతడు జాబితా తిరుగవేసి చూచి, "ఇది మా కాంట్రాక్టులో లేదు సార్" అనెను. కంటికి కనబడనిదానికి ధ్రువపత్రమిచ్చి, కనబడుదానిని నాకు విడిచి వెడలిపోయెను.

మే 29వ తేదీని ప్రధానమంత్రికి ముఖ్య శాస్త్రసలహాదారుడైన సర్ పీటర్ గ్లక్‌మన్ నివేదిక వెలువడెను. పొగపీల్చిన ఇండ్లలో మిగిలిన జాడవలన ఎవరికైనను జబ్బుచేసినట్లు ఆధారము లేదనియు, 1.5 కాదు, 15 వరకు భయపడనక్కరలేదనియు, దొంగవంట అనుమానము లేనిచోట పరీక్షయే అనవసరమనియు అందు వ్రాసియుండెను. దశాంశబిందువు ఒక్క అడుగు జరిగినంతమాత్రమున, మా అలమార మైలనుండి మడిలోనికి వచ్చెను. నా 11,000 మాత్రము వెనుకకు రాలేదు. నా సంగతి యటుంచుడు. ప్రభుత్వమువారి హౌసింగ్ న్యూజీలాండు సంస్థ ఈ పరీక్షలకును శుద్ధులకును సుమారు 10 కోట్ల డాలర్లు ధారపోసి, సుమారు 800 మంది అద్దెదారులను ఇక్కట్లపాలుచేసి, వారిలో పెక్కుమందికి నిలువనీడ లేకుండ చేసి, సెప్టెంబరులో క్షమాపణ చెప్పుకొనెను. బీదవాడు వీధిన పడిన పిమ్మట సంఖ్య సరియైనది. ఇది వ్రాయునప్పుడు నాకు హాస్యము తోచుటలేదు గనుక ముందునకు సాగెదను.

ఈలోపల నేనొక బుద్ధిమంతుని పని చేసియుంటిని. శుద్ధివ్యయమునకై ఆ వృద్ధుడు హామీగా కట్టిన నాలుగువారముల అద్దెను, అనగా బాండుసొమ్మును, నాకిప్పింపుమని టెనెన్సీ ట్రిబ్యునలులో దావా వేసితిని. అది జూనులో విచారణకు వచ్చెను. తీర్పరి నా పత్రములనన్నింటిని ఓపికగ చూచి, ఒక్క ప్రశ్న వేసెను: అద్దెకిచ్చుటకు ముందు ఇంటిని పరీక్షింపజేసితివా? లేదంటిని. ఆమె నావైపు చూచిన చూపు సాక్షాత్తు కాకినాడ చూపు. బాండుసొమ్ము పూర్తిగ ఆయనకే దక్కెను.

బయట మెట్లయొద్ద ఆయన నాకొరకు నిలిచియుండెను. తిట్టునేమో యని అడుగులు తగ్గించితిని. ఆయన దగ్గరకు వచ్చి, కరచాలనముచేసి, మునుపటివలె దగ్గక, మెల్లగా అడిగెను:

"ఆ వెనకగది గోడ ఇంకా చెమ్మగిల్లుతోందా?"

"ఆ గోడ పీకించేశానండీ" అంటిని.

ఆయన ముఖము వికసించెను. "మంచిపని చేశారు. నేను రెండేళ్ళనుంచీ చెబుతున్నదీ అదే కదా!" అని నా భుజము తట్టి, బస్సు వేళయైనదని వెడలిపోయెను.