సెప్టెంబరు కాగితం

తన సంగతి చెప్పుకునేటప్పుడు ‘నేను’ అనడం ఈ క్యాలెండరుకి చేతకాదు. ఒంట్లో పన్నెండు కాగితాలు ఉన్నాయాయె, అందులో ఏది నేను? అందుకని ‘ఈ క్యాలెండరు’ అనే అంటుంది. పుట్టింది శివకాశిలో. నరసరావుపేటలో ఒక పురుగుమందుల కొట్టు పేరు నుదుటి మీద అచ్చు వేయించుకుని, 2025 జనవరి మొదటివారంలో రొంపిచెర్లలోని ఒక మిరప రైతు ఇల్లు చేరింది. వసారాలో స్విచ్‌బోర్డు పక్క మేకుకి తగిలించారు.

తిథి, నక్షత్రం, వర్జ్యం అచ్చులో వచ్చాయి. మిగతాదంతా బాల్‌పెన్నుతో ఇంట్లోవాళ్లు రాసిందే. పాలు పోయించుకోని రోజుకి సున్నా, గ్యాస్ బండ వచ్చిన రోజుకి ‘గ్యా’. తోటకి మందు కొట్టిన రోజైతే ఆ మందు పేరు, పక్కనే ఎన్ని ట్యాంకులో. 2021లో నల్లతామర పురుగు వచ్చి పల్నాడు మిరపని ఊడ్చిపెట్టాక ఈ రాతలు ఎక్కువయ్యాయట. అటక మీద చుట్టచుట్టి పెట్టిన పాత క్యాలెండర్లు ఉన్నాయి, వాటిని అడిగితే తెలుస్తుంది.

జూలైలో ఒక రాత్రి ఇంటర్ చదివే కూతురు ఈ క్యాలెండరు ముందు నిలబడింది. “నాన్నా, దసరా సెలవులకి వైజాగ్ పోదాం. ఒక్క రోజు కాదు, వారం!” అంది. ఆయన లేచి వచ్చి కాగితాలు ఎత్తి చూశాడు. చూడటానికి కాదు, కుదరదని చూపించడానికి.

నిజమే, వైజాగ్‌కి బాగుండేది డిసెంబరు, జనవరి. అవి మిరప కాయ ఎర్రబడే నెలలు. సంక్రాంతి దాటితే కోతలు, కల్లాలు, గుంటూరు యార్డు. ఏప్రిల్ దాకా తల ఎత్తనివ్వవు. మేలో పోతే అక్కడి ఉక్కకి ఒళ్లంతా జిడ్డే. అక్టోబరులో తుఫాను భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వైజాగ్ మీద పడ్డప్పుడు, గాజువాకలో ఉండే ఇంటావిడ పిన్నికి ఎన్ని రోజులో ఫోను కలవలేదు. అన్నీ తీసేస్తే మిగిలింది సెప్టెంబరు ఆఖరు వారం. మొక్క నాటుకుని ఉంటుంది, కోత ఇంకా దూరం. మధ్యలో పడే ఒక మందు బాబాయి కొట్టిస్తానన్నాడు. కూతురు 24వ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసేసింది.

“బుధవారమా?” అంది నాయనమ్మ మంచం మీద నుంచి. “మంగళ, బుధ ఉత్తరానికి పోగూడదు.”

“వైజాగ్ ఈశాన్యంలో ఉందమ్మా,” అన్నాడు కొడుకు.

“ఈశాన్యంలో సగం ఉత్తరమే గదరా!”

గీత గురువారం మీదికి జరిగింది. తిరుగు ప్రయాణం కూడా ఆవిడే తేల్చింది. గురువారం దక్షిణానికి రాగూడదు, పైగా ఆ రోజు విజయదశమి, జమ్మిచెట్టు దగ్గర మనిషి ఉండాల. కాబట్టి అక్టోబరు 1, బుధవారమే రైలెక్కాలి. పంచాంగం అడ్డుపడుతుందనుకుంటే, లెక్కగా ఏడు రోజులు చేతిలో పెట్టింది.

తర్వాత టిక్కెట్లు. ఒకప్పుడు రైలు రిజర్వేషను 120 రోజుల ముందు తెరిచేవాళ్లు, 2024 నవంబరు 1 నుంచి అరవై చేశారు. ఆయన అరవై ఎంచింది ఈ క్యాలెండరు మీదే. సెప్టెంబరు కాగితం మీద వేలు పెట్టి, వెనక్కి ఆగస్టు, ఇంకా వెనక్కి జూలై. మందు డబ్బాలు పట్టిన వేలు, ఒక్కో గడి మీదా చిన్న మరక. ఒకటి అన్నది మాత్రం ప్రయాణం రోజు మీదే అన్నాడు. ఆ రోజు లెక్కలోకి రాదు. ఒక రోజు తేడా పడింది. గుంటూరులో పొద్దున ఎక్కితే సాయంత్రానికి విశాఖలో దించే సింహాద్రి ఎక్స్‌ప్రెస్‌లో సీట్లు చాలానే ఉండటంతో ఆ తప్పు బయటపడలేదు. 27వ తేదీ అరకు రైలు దగ్గర పడింది. జూలై 29న చెయ్యాల్సిన బుకింగు 30న పొద్దున ఎనిమిదింటికి తెరిస్తే, ఆ రైలుకి 2017లో పెట్టిన అద్దాల పెట్టె నిండిపోయి ఉంది. దసరాకి బెంగాలీలు విశాఖకీ అరకుకీ తరలివస్తారు, వాళ్లకి లెక్క తప్పదు. ఇంట్లో పిల్లాడు మూతి ముడుచుకున్నాడు. అదే రైల్లో మామూలు స్లీపరు దొరికింది. “దారిలో 58 సొరంగాలంటగా. అద్దాల పెట్టెలో కూర్చుంటే మాత్రం చీకటి ఇంకోలా ఉంటుందా?” అంది వాళ్లమ్మ. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకి దించడానికి కొండలు తొలిచి వేసిన దారి అది, మనుషుల షికారు తర్వాత వచ్చి చేరింది.

మిగతా గడులు నింపడానికి ఆగస్టు అంతా పట్టింది. సోమవారం గడిలో కూతురు ముందే ‘కురుసుర’ అని రాసింది. 1969లో నౌకాదళంలో చేరి 31 ఏళ్లు పనిచేసిన జలాంతర్గామి. 2002 నుంచి ఆర్కే బీచిలో ఒడ్డున పడుకుని ఉంది, పొడవు 91 మీటర్లు. ఎదురుగానే టీయూ-142 విమానం. తీరా చూస్తే కురుసురకి సోమవారం సెలవు, జంతుప్రదర్శనశాలకీ సోమవారమే సెలవు. కొట్టేసి మంగళవారంలో రాశారు. సోమవారానికి భీమిలి రోడ్డు ఇచ్చారు: తొట్లకొండ బౌద్ధారామం, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు. కొండరాతిలో నీళ్లకోసం తొలిచిన తొట్ల వల్లే ఆ కొండకి ఆ పేరొచ్చిందని కూతురు చదివి వినిపిస్తే, సాగర్ కాలువ వంతుల కోసం రాత్రుళ్లు కాపలా కాసే ఆయన ఆ ఒక్కదాని దగ్గర తల ఎత్తాడు. “ఎంత లోతుంటాయంట?” అన్నాడు.

శుక్రవారం సింహాచలం, అందులో మాట లేదు. నాయనమ్మకి ఉన్న దిగులల్లా ఒకటే. స్వామి నిజరూపం కనిపించేది ఏడాదికొక్కసారి, అక్షయ తృతీయ నాడు. మిగిలిన రోజులన్నీ చందనం కిందే ఉంటాడు. ఏప్రిల్ కాగితం ఎత్తి చూపించమంది. 30వ తేదీ, ఎప్పుడో అయిపోయింది. “ఆ రోజు యాడ ఉన్నాం?” అని అడిగింది. ఆ గడిలో ‘టిక్కీలు 14’ అని రాసుంది. మిరపకాయలు యార్డుకి వేశారు.

బస దగ్గర రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. గాజువాకలో పిన్ని ఇల్లుంటే రూము దేనికని ఆయన. బీచి అక్కడికి ఎంత దూరమో తెలుసా, వారం రోజులు ఐదుగురం ఒకళ్లింట్లో కూర్చుంటామా అని ఆవిడ. చివరికి మూడు రాత్రులు పిన్ని దగ్గర, ఒక రాత్రి అరకులో, రెండు బీచి రోడ్డున. గడుల్లో ‘పి’, ‘అ’, ‘బీ’ అని పడ్డాయి. ఇంక ఆ కాగితం మీద ఈగ వాలే చోటు లేదు.

25న తెల్లవారుజామున ఆటో వచ్చి హారను కొట్టింది. ఆయన చెప్పులేసుకుని మళ్లీ లోపలికొచ్చి, ఫొటో తీసుకుంటే పోయేదానికి, సెప్టెంబరు కాగితాన్ని బరబరా చింపి నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో కుక్కుకున్నాడు. తలుపు తాళం పడింది. వారం ముందే అక్టోబరు బయటపడి, ఖాళీ వసారాకేసి చూస్తూ వేలాడింది. వైజాగ్ చూసొచ్చింది సెప్టెంబరు. ఈ క్యాలెండరుకి అక్కడి సంగతేమీ తెలియదు.

పండగనాడు పొద్దున్నే పాలవాడు నెల లెక్కకి వచ్చాడు. ఆయన జేబులోంచి కాగితం తీశాడు. సముద్రంలో తడిసి మడతలు అతుక్కుపోయాయి, విప్పబోతే సున్నాలున్న వరస చిరిగింది. పాలవాడు ముప్పై రోజులన్నాడు. వారం మేం ఊళ్లోనే లేం గదయ్యా అని ఇంటావిడ. “నెల మొదట్లో రెండు రోజులు వద్దన్నాం, అదీ తియ్యి,” అని మంచం మీద నుంచి నాయనమ్మ.

“ఏదమ్మా, కాగితం చూపించండి,” అన్నాడు పాలవాడు.