స్లోలో నిలవని బండి

1982 మోడల్ పోర్షే 911 ఎస్‌సీ. వెనక ఇంజను, ఆరు సిలిండర్లు, మూడు లీటర్లు. చల్లబరచడానికి నీళ్లుండవు, గాలే. న్యూజెర్సీలో పదేళ్లు కూడబెట్టిన డబ్బుతో కొన్నాను. ఆ ఇంజను గొంతు వినడానికే ఇంకో రెండు మైళ్లు చుట్టు తిరిగి ఇంటికొచ్చేవాణ్ణి. సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం జ్వరం తగిలినట్టు వణికేది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే లేచేది. తిరిగొచ్చి ఓ పావుగంట ఆపామా, ఎంత సెల్ఫ్ కొట్టినా అంటుకునేది కాదు.

ఆ వేసవిలో నాన్న వచ్చాడు. గుడివాడ ఆర్టీసీ డిపోలో ముప్పై రెండేళ్లు మెకానిక్కు. గరాజు గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, కాసేపు విని, "ఎక్కడో గాలి పీలుస్తోందిరా" అన్నాడు.

"ఇది బస్సు కాదు నాన్నా. దీని లెక్క వేరు. నువ్వు చెయ్యి పెట్టకు" అన్నాను.

లెక్క వేరన్న మాట నిజమే. కే-జెట్రానిక్ అని, బాష్ వాళ్లు 1973లో తెచ్చిన పద్ధతి. తప్పెక్కడో చెప్పే కోడ్లు ఉండవు. లోపలికెళ్లే గాలి ఒక పళ్లేన్ని కదుపుతుంది. అది ఎంత కదిలితే అంత పెట్రోలు. ఇంజను ఆపాక కూడా పైపుల్లో కొంత ఒత్తిడి మిగిలి ఉండాలి. మిగలకపోతే ఆ సెగకి పెట్రోలు ఆవిరైపోయి, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఇంజెక్టర్ల దాకా బుడగలే వస్తాయి. ఆ ఒత్తిడిని పట్టి ఉంచేది అక్యుములేటర్ అనే చిన్న డబ్బా. గేజి బిగించి చూశాను. ఇంజను ఆపిన ఐదు నిమిషాలకే ముల్లు సున్నాకి పడిపోయింది. దొంగ దొరికాడు.

శనివారం కొత్తది వేశాను. వేడి మీదా ఠక్కున లేచింది. స్లోలో కూడా తొణక్కుండా నిలబడింది. నిజానికి అక్యుములేటర్‌కీ, స్లోలో వణకడానికీ సంబంధం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ సంతోషంలో అంతవరకూ ఆలోచించలేదు. నాన్న పక్కనే ఉన్నాడు. "బాగుందిరా" అన్నాడంతే. తర్వాతి వారం ఊరికి వెళ్లిపోయాడు.

చలికాలం ముందు ఆయిల్ మార్చి, ఇంజను చుట్టూ శుభ్రంగా తుడిచాను. పాత ఓనరు చేసిన నాటుపనులు కొన్ని కనబడ్డాయి. వైర్ల మీద ఎండిపోయిన టేపు, నూనె మూత కింద కత్తెరతో కోసిన వంకర ప్యాకింగు, ఓ గొట్టానికి చుట్టిన తీగ. అంత చక్కటి బండికి ఇవేం పనులని అన్నీ పీకి చెత్తబుట్టలో వేసి, గుడ్డ కప్పి మూసిపెట్టాను.

ఏప్రిల్‌లో తీస్తే మళ్లీ అదే వణుకు.

నాలుగు నెలలు కదలకుండా ఉన్న బండి కదా, పెట్రోలు పాడైందనుకున్నాను. తోడేసి కొత్తది పోయించాను. ఫిల్టరు మార్చాను, ప్లగ్గులు మార్చాను, ఆరు ఇంజెక్టర్లకీ సీళ్లు వేశాను. ఇంజను వేడెక్కేకొద్దీ పెట్రోలు తగ్గించే రెగ్యులేటర్ కూడా మార్చాను. రెండు వేల డాలర్లు దాటింది. నాన్న ఆదివారం ఆదివారం ఫోన్ చేసి "బండెలా ఉంది?" అనేవాడు. "బాగానే ఉంది" అనేవాణ్ణి.

చివరికి ఈ బళ్ల మీదే బతికిన ఒక ముసలి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఏ పనిముట్టూ ముట్టుకోలేదు. ఇంజను ఆన్‌లో ఉండగానే నూనె మూత తిప్పి తీశాడు. నూనె ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఇంజనుకి గాలి వెళ్లే దారిలోనే కలుస్తుంది. మూత తీస్తే ఆ పళ్లేనికి తెలియని గాలి లోపల పడి, బాగున్న ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోయేంత పని కావాలి. నా ఇంజను పాట మారలేదు. మూత ఉన్నా లేకున్నా ఒకటే.

ఆయన మూత తిరగేసి నాకు చూపించాడు. "దీని ప్యాకింగ్ ఏది?"

కొత్త రబ్బరు వేసి మూత బిగించగానే వణుకు ఆగిపోయింది. అక్కడే నిలబడి గుడివాడకి ఫోన్ చేశాను.

"నాన్నా, నూనె మూతకి ప్యాకింగ్ వేసింది నువ్వా?"

"నేనేరా. నువ్వు ఆఫీసుకెళ్లాక ఆ రోడ్డు చివర స్పేర్ పార్ట్స్ షాపు దాకా నడిచెళ్లి షీటు కొని, ఇంట్లో కత్తెర తీసుకుని కోశాను. ఏం, నూనె కారుతోందా?"

"లేదు. నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే పీకి పారేస్తావని."